నాలుగు మూలల మందు

మైలుతుత్తము నెరుగనివారుండరు. నీలముగా మెరయు ఆ పలుకులను వేడినీటిలో కరిగించి, ఆ నీటిని కదల్పక కొన్ని దినములుంచినచో, అడుగున మరల నీలపు పలుకులు గట్టును. చక్కెర పాకములో దారము వ్రేలాడదీసి కలకండ కట్టించుటయు ఇట్టి పనియే. ఇట్లు కట్టిన పలుకును శాస్త్రజ్ఞులు స్ఫటికమందురు. నేను రసాయనశాస్త్రములో పరిశోధన సాగించిన సంవత్సరములలో అధికభాగము ఇట్టి స్ఫటికములకై ఎదురుచూచుటతోనే గడచినది. పలుకులు కట్టుటకును, క్యాన్సరు రోగికిని ఏమి సంబంధమని మీరడుగవచ్చును. దానికి సమాధానము చెప్పవలెనన్న ముందుగా ప్లాటినము కథ చెప్పవలెను.

1844లో ఇటలీ దేశస్థుడైన మికేలె పెయ్రోనె అను రసాయనశాస్త్రజ్ఞుడు ప్లాటినము, క్లోరిన్, అమ్మోనియా కూడిన పసుపుపచ్చని పొడి నొకదానిని తయారుచేసెను. దానిని ఆయన పేరనే పెయ్రోనె క్లోరైడని పిలిచిరి. అయితే అవే పదార్థములు అవే పాళ్ళలో కూడిన మరియొక పొడియు ఆ కాలమున తెలిసియే యుండెను. రెండింటిలోను ఒక్కొక్క ప్లాటినము పరమాణువునకు రెండు క్లోరిన్ పరమాణువులు, రెండు అమ్మోనియా అణువులు. అయినను ఆ రెండింటి గుణములు వేరు. కూర్పు ఒక్కటియైనప్పుడు గుణము వేరగుట ఎట్లు?

ఈ చిక్కును విప్పినవాడు ఆల్ఫ్రెడ్ వెర్నర్. ఆయన స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరమున ఆచార్యుడుగా నుండెను. లోహ పరమాణువు నడుమ నుండగా, దాని చుట్టును ఇతర పరమాణువులో, అణువులో నియమిత స్థానములలో కూర్చుండునని 1893లో ఆయన ప్రతిపాదించెను. అట్టివానిని సంక్లిష్ట సమ్మేళనములందురు. ప్లాటినము విషయములో ఆ స్థానములు చదరపు పీటకు నాలుగు మూలల వంటివి. రెండు అమ్మోనియాలు పక్కపక్క మూలల నుండిన అది ఒక పదార్థము. ఎదురెదురు మూలల నుండిన అది వేరొక పదార్థము. మొదటిదానిని 'సిస్' రూపమనియు, రెండవదానిని 'ట్రాన్స్' రూపమనియు వ్యవహరింతురు. పెయ్రోనె చేసినది సిస్ రూపము. వెర్నరునకు 1913లో నోబెల్ బహుమానము లభించెను. స్ఫటికముల లోపలికి చూచు సాధనము లేని రోజులలో, కేవలము పదార్థముల సంఖ్యను, వాని గుణములను బట్టి ఆయన ఇంత దూరము ఊహింపగలుగుట నాకు నేటికిని ఆశ్చర్యమును గొలుపుచున్నది.

ఆ పసుపు పొడి నూట ఇరువది సంవత్సరములు రసాయనశాలల సీసాలలోనే పడియుండెను. అది మందగునని ఎవ్వరును తలంపలేదు.

అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయములో బార్నెట్ రోజెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడుండెను. విద్యుత్ క్షేత్రము జీవకణముల విభజనపై ఏ ప్రభావము చూపునో తెలిసికొనవలెనని ఆయన కోరిక. అందుకై ఆయనయు, సహచరులును సూక్ష్మజీవులు పెరుగు ద్రవములో ప్లాటినపు పలకల నుంచి విద్యుత్తును పంపిరి. సూక్ష్మజీవులు చావలేదు; కాని రెండుగా చీలుట మానివేసెను. చీలక, పెరుగుట మాత్రము మానక, మామూలు పొడవునకు మూడు వందల రెట్లవరకు దారములవలె సాగిపోయెను. ఇది విద్యుత్తు మహిమయని తలంచి ఊరకుండిన కథ అంతటితో ముగిసెడిది. వారట్లు చేయక కారణమును వెదకిరి. దేనితోను కలియదని అందరును నమ్మిన ప్లాటినపు పలక రవంత కరగి, ద్రవములోని అమ్మోనియా, క్లోరిన్‌లతో కూడి సంక్లిష్ట సమ్మేళనములుగా మారినదని తేలెను. 1965లో ఈ సంగతి ప్రకటితమయ్యెను. కణవిభజనను ఆపునది క్యాన్సరును ఏల ఆపరాదు? అదుపు తప్పి విభజన చెందు కణముల గుంపే గదా క్యాన్సరు! ఎలుకలపై పరీక్షించి, ఈ సమ్మేళనములు కంతులను కరిగించుచున్నవని 1969లో వారు ప్రకటించిరి. సిస్ రూపము పనిచేసెను. ట్రాన్స్ రూపము పనిచేయలేదు.

కూర్చున్న చోటు మారినంత మాత్రమున ఇంత భేదమేల? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటలోనే స్ఫటికములు అక్కరకు వచ్చినవి. స్ఫటికములో అణువులు వరుసలు తీర్చి, అన్నియు ఒకే తీరున నిలుచును. దానిపై ఎక్సు కిరణములను పంపినచో అవి నానా దిక్కులకు చెదరి చుక్కల వరుసలనేర్పరచును. ఆ చుక్కల తావులను, తీవ్రతలను కొలిచి లెక్కగట్టిన ఏ పరమాణువు ఎక్కడ నున్నదో తెలియును. 1966లో సిస్, ట్రాన్స్ రూపములు రెండింటి స్ఫటిక నిర్మాణములు ప్రకటితములయ్యెను. వెర్నర్ ఊహించిన చదరము అక్కడ నిక్కముగా కానవచ్చెను.

రక్తములో క్లోరైడు సమృద్ధిగా నుండును గనుక ఈ మందులోని క్లోరిన్‌లు అక్కడ తమ మూలలను సామాన్యముగా విడువవు. కణములో క్లోరైడు తక్కువ. అక్కడ క్లోరిన్‌లు తొలగిపోగా ఖాళీయైన రెండు మూలలును డి.ఎన్.ఏ. పోగును పట్టుకొనును. సిస్ రూపములో ఆ మూలలు ఒకే వైపున నుండుటచే పట్టకారువలె పోగులోని ఇరుగుపొరుగు భాగములను పట్టి వంచును. ఎదురెదురు మూలలతో అట్టి పట్టు చిక్కదు. పోగు నిట్లు వంచిన సిస్ రూపమును 1995లో స్టీఫెన్ లిప్పార్డ్ బృందము స్ఫటికములోనే చూపెను. పోగు చెడిన కణము దానిని సరిదిద్దుకొనజాలక చచ్చును.

సిస్ రూపమును శుద్ధముగా తయారుచేయుటలోను ఒక నేర్పు కలదు. 1970లో ధారా అను రసాయనశాస్త్రజ్ఞుడు మన దేశపు రసాయన పత్రికలో చక్కని పద్ధతి నొకదానిని ప్రకటించెను. మొదట ప్లాటినము చుట్టును నాలుగు మూలలను అయొడిన్‌తో నింపవలెను. అయొడిన్‌కు ఒక స్వభావము కలదు: తన ఎదుటి మూలనున్నదాని పట్టును అది సడలించును. అమ్మోనియా వచ్చి ఒక మూలను ఆక్రమించిన పిదప, రెండవ అమ్మోనియా సడలిన చోటికే పోవును. సడలిన చోటు అయొడిన్ ఎదుటిది గాని, అమ్మోనియా ఎదుటిది కాదు. కావున రెండు అమ్మోనియాలును పక్కపక్కనే చేరును. తరువాత వెండి లవణముతో అయొడిన్‌ను తొలగించి, ఆ చోట క్లోరిన్‌ను నింపుదురు. బలవంతము లేదు, పరమాణువులే తమ తావులను వెదకికొనునట్లు చేయుట. రసాయనశాస్త్రములో నాకు మిక్కిలి ఇష్టమైన పద్ధతులలో ఇది యొకటి.

'సిస్‌ప్లాటిన్' అను పేరుతో ఈ మందునకు 1978లో అమెరికా ప్రభుత్వము అనుమతి నిచ్చెను. అందుచే ఎందరో బ్రతికిరి. కాని అది మెత్తని మందు కాదు. మా మేనమామ చుట్టలు కాల్చు అలవాటు గలవాడు. ఆయన గొంతులో పుండు లేచి, అది క్యాన్సరని తేలగా, కిరణ చికిత్సతోబాటు సిస్‌ప్లాటిన్ ఇచ్చిరి. నేను చూడబోయిన దినమున ఆయన మంచముపై పరుండి, చేతికి ఎక్కుచున్న మందు సీసావంక చూచుచుండెను.

"ఏమోయ్ అల్లుడూ, నగల దుకాణములో నుండవలసిన లోహమును నా నరములోనికి ఎక్కించుచున్నారట, నిజమేనా?" అనెను.

నిజమే యంటిని. మూత్రపిండములు చెడకుండుటకై మందునకు ముందును, తరువాతను ఉప్పునీరు సీసాలకొలది ఎక్కించిరి. వాంతులతో ఆయన వారము దినములు ముద్ద ముట్టలేదు. పుండు మానెను. కాని చెవుల సన్నని వినికిడి పోయెను. రాత్రివేళ కీచురాళ్ళ రొద తనకు వినబడుట లేదని ఆయన చెప్పెడివాడు. "పోనీలే, మీ అత్త కేకలు మాత్రము చక్కగా వినబడుచున్నవి" అని నవ్వెడివాడు.

ఆ చెవులకొరకు, ఆ మూత్రపిండములకొరకు ఇంతకన్న మేలైన మందును వెదకుటయే నావంటివారి పని. ప్లాటినము కుటుంబములోనే కార్బోప్లాటిన్ అనునది 1989లో అమెరికాలో అనుమతి పొందెను. అది మూత్రపిండములను అంతగా బాధింపదు, కాని రక్తకణములను తగ్గించును. రాగి, రుథీనియము మొదలగు లోహములతోను పరిశోధనలు జరుగుచున్నవి.

నేను పట్టినది రాగి. నా సమ్మేళనము ఆకుపచ్చనిది. దానిని కరిగించి, చిన్న సీసాలో పోసి, మూతిని కాగితముతో కప్పి, ఆ కాగితమునకు గుండుసూదితో నాలుగు రంధ్రములు పొడిచితిని. ద్రవము తొందరగా ఆవిరియైన పొడి మిగులును. మెల్లగా ఆవిరియైన స్ఫటికము కట్టును. పదునెనిమిదవ దినమున ఆవగింజలో సగము లేని ఆకుపచ్చని పలుకు లేచెను. దానిని మరియొక నగరములోని యంత్రమునకు పంపగా, రాగి చుట్టును ఏది ఎక్కడ నున్నదో చిత్రము వచ్చెను.

ఆ చిత్రమును మామకు చూపితిని. ఆయన దానిని త్రిప్పి త్రిప్పి చూచి, "అయితే ఈ మందు ఎప్పుడు వచ్చును?" అని అడిగెను.

మా పరిశోధన పత్రములలో 'క్యాన్సరును అణచు అవకాశము గల సమ్మేళనము' అని వ్రాయుదుము. అందులో 'అవకాశము' అన్న మాటను వార్తాపత్రికలు తరచుగా విడిచివేయును. రోగి బంధువులు ఆ వార్తను కత్తిరించి జేబులో పెట్టుకొని వైద్యునియొద్దకు పోవుదురు. గాజుపళ్ళెములోని కణములను చంపునది మందు కాదు. నిప్పును ఆ కణములను చంపును. నా రాగి సమ్మేళనము పళ్ళెములోని క్యాన్సరు కణములను చంపెను. ఆరోగ్యముగల కణములనుగూడ దాదాపు అట్లే చంపెను. మామకు ఈ మాటయే చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "మరి ఎక్కడ మార్చవలెనో ఈ బొమ్మలో తెలియునా?" అనెను.

కొంత తెలియును. ఆ కొలతలను 1965లో కేంబ్రిడ్జిలో ప్రారంభమైన స్ఫటిక నిర్మాణముల కోశమునకు పంపితిమి. అందులో చేరిన నిర్మాణముల సంఖ్య 2019లో పది లక్షలు దాటినది. నా తరువాత మా ప్రయోగశాలకు వచ్చిన విద్యార్థిని ఆ చిత్రమును ముందుంచుకొని, రాగికి ఒక ప్రక్కనున్న అణువును తొలగించి, నీటిలో సులభముగా కరుగు మరియొకదానిని అమర్చినది. దాని రంగు నీలము. కణములపై పరీక్ష ఇంకను జరుగవలసి యున్నది.