మోసిన స్త్రీలు, పాడిన స్త్రీ

సెలవు పది రోజులే. ఏథెన్స్ నగరమా, లెస్బోస్ ద్వీపమా? ఏథెన్స్ చూడకపోతే గ్రీసు చూసినట్టే కాదంటున్నారు మిత్రులు.

ప్రజాస్వామ్యానికి పుట్టిల్లు అది. ఆ పుట్టింట్లో ఆడపిల్లకి ఓటు లేదు. గ్రీకు స్త్రీలకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుహక్కు దక్కింది 1952లో. అక్రోపోలిస్ కొండమీద ఎరెక్తియన్ గుడి వసారా కప్పుని ఆరుగురు రాతిస్త్రీలు తలలమీద మోశారు. ఇప్పుడు అయిదుగురు కొండకింది మ్యూజియంలో, ఒకామె లండన్‌లో. గుడి దగ్గర వాళ్ల నకళ్లు మోస్తూనే ఉన్నాయి.

లెస్బోస్ సాఫో పుట్టిన దీవి. ఆమె కవితల్లో పూర్తిగా మిగిలింది ఒక్కటే. అందులో తన పేరుతోనే తన కోరికని దేవతకి చెప్పుకుంది. 2015లో లక్షలమంది శరణార్థులు పడవల్లో చేరిన ఒడ్డూ అదే. దాన్ని కేవలం విహారస్థలం అనుకోలేను.

బరువు మోసే ఆడవాళ్లని చూడ్డానికి అంత దూరం పోనక్కర్లేదు. కోరిక చెప్పుకున్న ఆమె దీవికే వెళ్తున్నాను.