వేలం అయిపోయాక అందరూ తెలివైనోళ్లే

ఈసారి పంటల గురించి కాదు, క్రికెట్ గురించి. చివర్లో మళ్లీ పంటలకే వస్తాననుకోండి, అది వేరే సంగతి.

ఐపీఎల్ వేలం దగ్గర పడిందంటే మా పొన్నూరులో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా అదే గోల. ధాన్యం రేటు గురించి కూడా అంత గట్టిగా అరుచుకోరు. మొదలెట్టేది ఎవరైనా సరే, మొదటి మాట మాత్రం ఒకటే. "రషీద్ ఖాన్‌ని వదులుకున్నోళ్లకి కప్పెట్టా వచ్చిద్దిరా?" అక్కణ్ణుంచి సిరాజ్, రోహిత్ శర్మ, మన గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు. హైదరాబాద్ జట్టు చేతిలో పెట్టుకుని వదిలేసినోళ్లు కొందరు, కళ్లెదుటే ఉన్నా తీసుకోనోళ్లు కొందరు. ఈ లెక్కలన్నీ వినీ వినీ, ఒక్కొక్కటీ అప్పటి పరిస్థితిలో పెట్టి చూస్తే ఎట్టా ఉంటుందా అనిపించింది. చూశాను. కొన్ని తిట్లు న్యాయమే. కొన్ని కావు.

మొదటి నుంచీ వద్దాం. 2008లో మొట్టమొదటి వేలం. అప్పుడు మనది డెక్కన్ ఛార్జర్స్. సచిన్, గంగూలీ, ద్రావిడ్ లాంటోళ్లకి వాళ్ల వాళ్ల ఊరి జట్లలో ఐకాన్ హోదా ఇచ్చారు. ఐకాన్ ఆటగాడికి ఆ జట్టులో అందరికన్నా ఎక్కువ ధర పలికినవాడి మీద ఇంకో 15 శాతం కలిపి ఇవ్వాలి. మన లక్ష్మణ్ ఆ హోదా వదులుకున్నాడు. మిగిలే డబ్బుతో జట్టు మంచి ఆటగాళ్లని కొనుక్కోవచ్చని. ఆ డబ్బుతో సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకి కొన్నారు. ఆ రోజు ధోనీ తర్వాత అంత ధర పలికింది అతనికే. గిల్‌క్రిస్ట్ వచ్చాడు, రోహిత్ శర్మ వచ్చాడు. కాగితం మీద చూస్తే కప్పు మనదే అన్నట్టుంది. తీరా ఆడితే 14 మ్యాచుల్లో గెలిచింది రెండు. అట్టడుగు. "లక్ష్మణ్ త్యాగం బూడిదలో పోసిన పన్నీరు" అన్నారు. మరుసటి ఏడు దక్షిణాఫ్రికాలో, దాదాపు అదే జట్టు, గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టింది. ఇప్పుడు చెప్పండి, 2008 వేలం మంచిదా చెడ్డదా? 2008 జూన్‌లో అడిగితే ఒక జవాబు, 2009 జూన్‌లో అడిగితే ఇంకో జవాబు.

తర్వాత 2011. అందరికీ కడుపు మండేది ఇక్కడే. మూడేళ్లు ఆడిన ఆటగాళ్లలో నలుగురిదాకా అట్టిపెట్టుకోవచ్చని రూలు పెట్టారు. ముంబై, చెన్నై నలుగురేసి మందిని ఉంచుకున్నాయి. డెక్కన్ ఛార్జర్స్ ఒక్కణ్ణీ ఉంచుకోలేదు. రోహిత్ వేలంలోకి వెళ్లాడు, ముంబై 20 లక్షల డాలర్లకి పట్టుకుపోయింది. మొదటి ఆటగాడిగా అట్టిపెట్టుకుంటే పర్సులోంచి తగ్గేది 18 లక్షల డాలర్లు. అంటే మన దగ్గరే ఉంచుకుంటే ఇంకా చవక! ఆ తర్వాత అతని కెప్టెన్సీలో ముంబైకి ఐదు కప్పులు.

ఇంతవరకూ విన్నోళ్లు "ఇంకేం, తప్పేగా" అంటారు. కానీ ఇంకో సంగతి కూడా చూడాలి. వేలం జరిగింది 2011 జనవరి రెండో వారంలో. కొద్దిరోజులకే ప్రపంచకప్‌కి భారత జట్టుని ప్రకటించారు. అందులో రోహిత్ పేరు లేదు. దేశం మొత్తం మీద ఆటగాళ్లని చూసే సెలెక్టర్లకే అతని మీద గట్టి నమ్మకం కుదరని రోజులవి. పైగా ముంబై అతన్ని కొన్న రోజునే కెప్టెన్‌ని చేసెయ్యలేదు. 2013 సీజన్ మధ్యలో పాంటింగ్ తప్పుకుంటే అప్పుడు పగ్గాలిచ్చారు. ఐదు కప్పులు కనబడే అద్దం 2011లో ఎవరి దగ్గరా లేదు. అయినా నా లెక్కలో డెక్కన్ వాళ్లది తప్పే. రోహిత్ ఇంత పెద్దోడవుతాడని కనిపెట్టలేదని కాదు. కప్పు గెలిచి రెండేళ్లు తిరక్కుండానే ఆ జట్టులో ఒక్కణ్ణి కూడా మనవాడని ఉంచుకోకపోవడం, అదీ తప్పు. ఆ సంగతి ఆ రోజే తెలుసు. దానికి వెనక్కి చూడక్కర్లేదు.

ఇక రషీద్. 2017లో సన్‌రైజర్స్ 4 కోట్లకి కొన్నారు, 2018లో 9 కోట్లకి నిలబెట్టుకున్నారు. 2021 చివర్లో వార్నర్‌నీ రషీద్‌నీ వదిలేసి విలియమ్సన్‌ని 14 కోట్లకి, ఉమ్రాన్ మాలిక్‌ని, అబ్దుల్ సమద్‌ని చెరో 4 కోట్లకి ఉంచుకున్నారు. మొదటి స్థానం విలియమ్సన్‌దా రషీద్‌దా అన్న దగ్గర బేరం తెగలేదని అప్పట్లో పేపర్లలో వచ్చింది. రషీద్ కొత్త జట్టు గుజరాత్‌కి 15 కోట్లకి వెళ్లాడు. వెళ్లిన ఏడాదే వాళ్లు కప్పు కొట్టారు.

2022 ఏప్రిల్ 27న వాంఖడేలో ఈ రెండు జట్ల మ్యాచ్ గుర్తుందా? గుజరాత్‌కి పడిన ఐదు వికెట్లూ ఉమ్రాన్ మాలిక్ ఒక్కడే తీశాడు, 25 పరుగులిచ్చి. "చూశారా, రషీద్ పోతే ఏమైంది, మనోళ్లు సరైనోణ్ణే ఉంచుకున్నారు" అన్నారు జనం. చివరి ఓవర్లో 22 కావాలి. బంతి యాన్సెన్ చేతిలో. తెవాటియా ఒక సిక్స్ కొట్టాడు. రషీద్ మూడు కొట్టాడు. ఆఖరి బంతికి మ్యాచ్ అయిపోయింది. ఆ ఒక్క ఓవర్లోనే జనం మాట కూడా అటు తిరిగింది. "రషీద్‌ని వదిలినోణ్ణి కొట్టాలి" అన్నారు. ఐదు నిమిషాల్లో తీర్పు తలకిందులైంది. నిర్ణయం మాత్రం అప్పటికి ఐదు నెలల కిందే అయిపోయింది, దాంట్లో అక్షరం మారలేదు.

ఇదిగో, నేను చెప్పదలుచుకున్నది ఇదే. నిర్ణయం ఒకటి, ఫలితం ఇంకొకటి. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచితే రోజుకో తూకం వస్తుంది. ఆ రోజు వాళ్లకి ఏం తెలుసు, చేతిలో ఎంత డబ్బుంది, దాని బదులు ఇంకేం చేయగలిగేవాళ్లు అని అడగాలి. ఆ మూడు ప్రశ్నలు వేసినా రషీద్ విషయంలో సన్‌రైజర్స్ తప్పే అంటాను. ఐదేళ్లు మన జట్టుకే ఆడి, ఏ పిచ్ మీదైనా పరుగులివ్వని బౌలర్ అని అప్పటికే తేలిపోయినవాడు. తెలియనిదేముంది అందులో? ఉమ్రాన్ సంగతి అట్లా కాదు. అంత వేగం ఉన్న కుర్రాడి మీద 4 కోట్లు పెట్టడం ఆ రోజుకి సబబే. తర్వాత గాయాలతో వెనకబడ్డాడు. అది వేలం గదిలో కూర్చున్నోడి తప్పెట్టా అవుతుంది?

ఇంకోటి చెప్తా, ఇది చాలామంది మర్చిపోయారు. 2018 సీజన్ అయ్యాక సన్‌రైజర్స్ శిఖర్ ధావన్‌ని ఢిల్లీకి ఇచ్చేసి, బదులుగా ముగ్గుర్ని తెచ్చుకుంది. విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, ఇంకా 55 లక్షల ధర ఉన్న ఒక పద్దెనిమిదేళ్ల పంజాబీ కుర్రాడు. ధావన్ ఢిల్లీకి వెళ్లి 2019లో 521, 2020లో 618, 2021లో 587 పరుగులు కొట్టాడు. ఆ మూడేళ్లూ మన టీ కొట్లలో ఈ బేరాన్ని తిట్టనోడు లేడు. ఆ పంజాబీ కుర్రాడి పేరు అభిషేక్ శర్మ. ఎక్కడో కింద బ్యాటింగ్‌కి పంపేవాళ్లు, రెండు ఓవర్లు వేయించేవాళ్లు. 2022 వేలంలో మళ్లీ 6.5 కోట్లు పెట్టి తెచ్చుకున్నారు, ఓపెనింగ్‌కి పంపారు. 2024లో 42 సిక్సులు కొట్టాడు. 2025 ఏప్రిల్‌లో ఉప్పల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141. ఇప్పుడు ధావన్ బేరం గురించి నోరెత్తేవాడు లేడు.

మూడేళ్లు నష్టం, ఆరేళ్లకి లాభం. ఇట్టాంటి లెక్క రైతుకి కొత్త కాదు. కొబ్బరి మొక్క నాటినోణ్ణి రెండో ఏడు "కాయలేవిరా" అని అడగం కదా.

అందుకే సిరాజ్ విషయంలో నాకు కోపం. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు. 2017లో 20 లక్షల కనీస ధర ఉన్నవాణ్ణి సన్‌రైజర్స్ 2.6 కోట్లకి కొన్నారు. మంచి ఎంపిక, ఎవరూ కాదనరు. ఆరు మ్యాచులాడి పది వికెట్లు తీశాడు. మరుసటి ఏడు వేలంలో సరిగ్గా అదే 2.6 కోట్లకి బెంగళూరు తీసుకుంది. అక్కడ మొదట్లో బాగా పరుగులిచ్చేవాడు, తిట్లు తినేవాడు. అయినా ఏడు సీజన్లు ఉంచుకున్నారు. 2025లో గుజరాత్ తరఫున ఉప్పల్‌కి వచ్చి, సొంత ఊళ్లో మన జట్టు మీదే 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు. అదే ఏడాది ఆగస్టులో ఓవల్ టెస్టు ఆఖరి రోజున ఇంగ్లండ్‌ని ఆరు పరుగుల తేడాతో ఓడించింది అతని బౌలింగే. అంబటి రాయుడు పుట్టింది గుంటూరులో. 2010 నుంచి ముంబైకి, తర్వాత చెన్నైకి ఆడి ఆరు కప్పులు ఎత్తాడు. ఒక్కటి కూడా హైదరాబాద్ జట్టుకి కాదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా?

అట్లాగని సొంతూరోడైతే చాలు కొనాలని నేననను. మన విశాఖ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డిని 20 లక్షలకి తీసుకున్నారు, ఓపిక పట్టారు, 2024లో అవకాశమిచ్చారు. ఆ ఏడాది చివర మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు. ఏ ఊరోడన్నది కాదు, తెచ్చుకున్నాక ఎన్నాళ్లు నీళ్లు పోశారన్నది ముఖ్యం. వేలం తప్పులు అని మనం తిట్టేవాటిలో సగం వేలంలో జరిగినవి కావు. తర్వాత ఓపిక లేక జరిగినవి. ఏ వరి రకాన్నయినా ఒక్క పంట చూసి మంచిదనీ చెడ్డదనీ తేల్చరు. మన బాపట్ల పరిశోధనా కేంద్రం వాళ్లనడగండి, చెప్తారు.

2023 డిసెంబర్‌లో కమిన్స్‌ని 20.5 కోట్లకి కొన్నప్పుడు ఎంత నవ్వారో గుర్తుందిగా. "డబ్బులెక్కువైనాయి వీళ్లకి" అన్నారు. అతని కెప్టెన్సీలో 2024లో ఫైనల్ దాకా వెళ్లింది జట్టు. నవ్వినోళ్లే "నేనప్పుడే చెప్పా" అన్నారు. ఫైనల్లో 113కే ఆలౌటైంది, మళ్లీ నవ్వారు.

ఇదంతా ఆట. పోయేదేం లేదు, నాలుగు టీలు. కానీ ఇదే అలవాటు పొలం గట్టు మీదకొస్తే మాత్రం మనుషులు నలిగిపోతారు.

మా వైపు వరి, ఆ తర్వాత మినుమో మొక్కజొన్నో. పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు వెళ్తే మిర్చి, పత్తి. 2023లో గుంటూరు యార్డులో మిర్చి క్వింటా ఇరవై వేలు దాటింది. అది చూసి, అప్పు తెచ్చి, కౌలుకి తీసుకుని వేసినోళ్లు ఎంతమందో. 2025 ఫిబ్రవరికి రేటు ఎంత పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయలు లెక్కగట్టాల్సి వచ్చింది. అప్పుడు కౌలు రైతు ఇంటికొచ్చి ప్రతివాడూ చెప్పే మాట ఒకటే. "అందరూ వేస్తుంటే నువ్వెందుకేశావ్? ఆ మాత్రం తెలియదా?" కాయల్ని కోల్డ్ స్టోరేజీలో పెట్టినోణ్ణి "అప్పుడే అమ్మాల్సింది" అంటారు. అమ్మినోణ్ణి, రేటు పెరిగితే, "ఆగలేకపోయావా" అంటారు. ఎట్టా చేసినా తిట్టే. ఆ మాటలు అప్పులోడి మాటల కన్నా లోతుగా దిగుతాయి. ఎందుకంటే అవి అనేది మనోళ్లే. బావమరిది అంటాడు, పక్క చేను బాబాయ్ అంటాడు, ఒక్కోసారి కన్న కొడుకే అంటాడు.

జూన్‌లో ఆ రైతుకి తెలిసినవేంటి? కిందటేడు రేటు, చేతిలో ఉన్న డబ్బు, కాలువలో నీళ్ల కబురు. వాటిని బట్టి చూస్తే అతను చేసింది తెలివైన పనే కావచ్చు, అయినా నష్టం రావచ్చు. ఆ రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఒప్పుకోవడం మనకి చేతకావడం లేదు. క్రికెట్ జట్టు యజమానికైతే ఇంకో వేలం ఉంది. రైతుకి వచ్చే పంటకి పెట్టుబడి పుట్టాలంటే ముందు తన బుర్ర మీద తనకి నమ్మకం ఉండాలి. అది మనం పీకేస్తున్నాం.

కాబట్టి ఒక పని చేద్దాం. వచ్చే ఐపీఎల్ వేలం ముందు రోజు ఎవరికి వాళ్లు కాగితం మీద రాయండి. ఎవర్ని కొంటారు, ఎంతకి, ఎవర్ని వదిలేస్తారు. పర్సు దాటకూడదు. తేదీ వేసి, మడతపెట్టి టీ కొట్టు అబ్బాయికి ఇచ్చేయండి. సీజన్ అయ్యాక అందరి ముందూ విప్పుదాం. ఆ కాగితం ఇచ్చినోళ్లకే సన్‌రైజర్స్‌ని తిట్టే హక్కు.

మిర్చి వేసినోణ్ణి తిట్టాలనుకునే వాళ్లు కూడా అట్టాంటి కాగితం ఒకటి జూన్‌లోనే రాసి ఇవ్వండి.