ఆ పదవిని ఎందుకు కోరాను?

ఇరవై రెండేళ్ళుగా ఒకే ప్రైవేటు పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. ఆరేళ్ళ క్రితం మా ప్రధానోపాధ్యాయురాలు పదవీ విరమణ చేయగా, ఆ పదవికి యాజమాన్యం దరఖాస్తులు కోరింది. ఆ రాత్రే ఇషా నమాజు ముగించుకుని రెండు పేజీల దరఖాస్తు రాశాను. నా అనుభవం, నా తరగతుల ఫలితాలు, అందుకున్న ప్రశంసాపత్రాలు అన్నీ వరుసగా పేర్చాను. రాసినదానిలో అబద్ధం ఒక్కటీ లేదు. రాయని సంగతి మాత్రం ఒకటుంది. సర్వీసులో నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నదైన సహోపాధ్యాయురాలు కూడా దరఖాస్తు చేస్తున్నదని ఆ మధ్యాహ్నమే విన్నాను. రేపు ఆమె గదిముందు సెలవు చీటీతో నిలబడవలసి వస్తుందన్న ఊహే నా చేత కలం పట్టించింది.

మా నాన్నగారు ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. దరఖాస్తు చదివి, “అంతా నీ గురించే ఉందమ్మా, బడి గురించి ఏమీ లేదే!” అన్నారు. నాకు కోపం వచ్చింది.

ఇంటర్వ్యూలో మొదట ఏమి మారుస్తారని అడిగారు. “క్రమశిక్షణ” అన్నాను. “నిరుడు ఏడో తరగతి పూర్తిచేసి ఎనిమిదిలో చేరని పిల్లలు ఎందరు?” అన్నది తరువాతి ప్రశ్న. పదహారేళ్ళుగా ఆ వరండాలలో తిరిగిన నాకు ఆ సంఖ్య తెలియదు. చిన్నామెకు తెలుసు. పదవి ఆమెకే దక్కింది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. పదవిని అడిగి తీసుకోవద్దనీ, అడిగి పొందినవారు దాని భారానికే వదిలివేయబడతారనీ దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సముర (ర)కు బోధించిన హదీసు మనందరికీ తెలిసినదే. దరఖాస్తు చేసేటప్పుడు గుర్తుకు రాని ఆ హదీసును, పదవి చేజారిన తరువాత బంధువులందరికీ వినిపించాను. నా ఓటమికి దైవభీతి ముసుగు తొడిగానన్నమాట.

నాన్నగారు దానిని సాగనివ్వలేదు. యూసుఫ్ (అలై) ధాన్యాగారాల బాధ్యతను స్వయంగా కోరారు కదా, ఆ సూరాను మళ్ళీ చదవమన్నారు. ఎన్నోసార్లు చదివిన సూరాయే. కానీ ఈసారి క్రమం కంటబడింది. ఏడేళ్ళ పంటను వెన్నులతోనే నిలువచేయాలన్న ఉపాయాన్ని ఆయన చెరసాలలో ఉండగానే చెప్పేశారు. పదవిని కోరడం ఆ తరువాతి మాట. కోరినప్పుడు కూడా తాను కాపాడగలననీ, తనకు తెలుసుననీ కారణం చూపారు. కరవు రాబోతున్నది, పని సిద్ధంగా ఉన్నది. నా దరఖాస్తులో కరవూ లేదు, ధాన్యమూ లేదు.

రెండేళ్ళకు ఆమె ప్రసూతి సెలవుపై వెళ్ళగా, ఇరవై ఆరు వారాలపాటు ఇన్‌ఛార్జి బాధ్యత నాపై పడింది. పదో తరగతి నామినల్ రోల్స్ పంపే సమయమది. మన పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. అడ్మిషన్ రిజిస్టరులో ‘షేక్’ ముందుంటే ఆధార్‌లో చివర ఉంటుంది; ఒకచోట ‘బాషా’, మరొకచోట ‘బాష’; ‘బేగం’ ఒకదానిలో ఉండి మరొకదానిలో మాయమవుతుంది. నలభై ఒక్క మందిలో పదముగ్గురికి తేడాలు కనిపించాయి. ఒక అమ్మాయికైతే పుట్టిన సంవత్సరమే వేరు. మార్కుల మెమోలో ఒకసారి అచ్చయిన తప్పును సరిచేయించుకోవడానికి పేద తల్లిదండ్రులు ఎన్ని కార్యాలయాల మెట్లెక్కవలసి వస్తుందో చూసినదాన్ని. సాయంత్రాలు వారిని పిలిపించి కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాం. కింద సంతకం నాది. సంతకం పెట్టేటప్పుడు చేయి వణికింది.

అంతకంటే కఠినమైనది మరొకటి. నా ఆప్తమిత్రురాలైన ఉపాధ్యాయురాలు ఐదో తరగతి బాలుడిని స్కేలుతో కొట్టింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, బాలుడి అరచేయి నా కళ్ళెదుటే ఉంది. స్నేహితురాలిని ఎదుట కూర్చోబెట్టి రాతపూర్వక సంజాయిషీ అడిగాను. “ఆపా, నువ్వా!” అన్నది. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఒకే గదిలో భోజనం చేసేవాళ్ళం; ఆ రెండు నెలలూ నా టిఫిన్ డబ్బా నేనొక్కదాన్నే విప్పుకున్నాను. ఇంటర్వ్యూలో ‘క్రమశిక్షణ’ అన్నప్పుడు ఇది నా మనసులో ఉన్నదా? లేదు.

ఇప్పుడు ఆమె భర్త ఉద్యోగరీత్యా వేరే ఊరికి వెళుతున్నది. పదవి మళ్ళీ ఖాళీ అయింది. ఇస్తిఖారా చేసి, మళ్ళీ దరఖాస్తు రాశాను. ఈసారి ఒక్క పేజీయే. గత మూడేళ్ళలో ఏడు, ఎనిమిది తరగతుల మధ్య బడి మానిన పిల్లలెందరు, వారిలో ఎవరి ఇళ్ళకు వెళ్ళగలిగాం, ఎవరు తిరిగి వచ్చారు అన్నది రాశాను. లెక్కల పుస్తకాలు చూడడం నాకింకా పూర్తిగా రాదని కూడా రాశాను. ఆ వాక్యం తీసేయమన్నారు మా వారు. తీసేయలేదు.

పాత కోరిక పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. ప్రధానోపాధ్యాయురాలి బల్లపై నా పేరు పలక ఎలా ఉంటుందోనన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది.

నాన్నగారికి దరఖాస్తు చూపించాను. చదివి కళ్ళద్దాలు తీసి, “లెక్కలు ఎవరి దగ్గర నేర్చుకుంటున్నావు?” అని మాత్రం అడిగారు.

ఇంటర్వ్యూ వచ్చే బుధవారం. ఈలోగా మా గుమాస్తాగారి పక్కన కూర్చుని, నగదు పుస్తకంలో మార్చి నెల నిల్వ ఎందుకు తేలడం లేదో తెలుసుకోవాలి.