ఇంట్లనే చదువంటే మన ఊర్ల అర్థం వేరే

పత్తి ఏరుడు నడుస్తున్నది, అందుకే వారం పది దినాలసంది రాయలేదు. ఇయ్యాల పంట ముచ్చట కాదు, ఇంటి ముచ్చట. కొంచెం పొడుగే, ఓపికతోటి చదవండి.

మా మేనల్లుడు హైదరాబాద్‌ల నౌకరి చేస్తడు. ఏడేండ్ల బిడ్డ ఉన్నది. ఫీజులు, బస్సు, హోంవర్కు చూసి ఇసిగిపోయి, "మామా, బడి మాన్పించి ఇంట్లనే చదివిస్త, నర్మెట్టకే వస్తం" అంటున్నడు. అక్క కోడలు ఆదివారం చర్చికి పోతది, వీడు కొమురెల్లి మల్లన్నకు పోతడు. ఇన్నేండ్లు పేచీ లేదు. ఇప్పుడు వచ్చింది: ఇల్లే బడి అయితే పొద్దుగాల ప్రార్థన ఎవరిది? మా అక్క బాధ ఇంకొకటి: "బడికి పోని పిల్లకు రేపు పెండ్లెట్లయితది?"

ముందుగాల చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టంల హోం స్కూలింగ్ అన్న మాటే లేదు. 6 నుంచి 14 ఏండ్ల పిల్లలను బడిల చేర్పించుడు తల్లిదండ్రుల బాధ్యత అని మాత్రం పదో సెక్షన్ చెప్తది. 14 నిండినంక తెలంగాణ ఓపెన్ స్కూల్‌ల గానీ, కేంద్రం వాళ్ల ఎన్ఐఓఎస్‌ల గానీ పదో తరగతి రాయొచ్చు. అంటే సర్టిఫికెట్‌కు తొవ్వ ఉన్నది. మా అక్క అంతగనం భయపడే పని లేదు.

నా భయం వేరే. "పిల్ల ఇంట్లనే ఉంటది" అంటే మన దిక్కు మొన్నమొన్నటి దాక అర్థమేంది? చెల్లెను ఎత్తుకునుడు, బర్లను కాసుడు, పత్తి ఏరుడు, పెద్దమనిషి అయినంక పెండ్లి. శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు రంగారెడ్డి జిల్లా ఊర్లల్ల తిరిగి చెప్పింది ఇదే: బడిల లేని పిల్ల పనిల ఉన్నట్టే. 2003ల ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది కూడా ఆ పనికే. బడి అంటే పాఠమొక్కటే కాదు. పిల్ల రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి అక్కడ ఉంటడు. పదహారేండ్లకే పెండ్లి పెట్టుకుంటే 1098కు ఫోన్ కొట్టే టీచరమ్మ ఉంటది. ఇంట్ల హాజరు పిలిచేదెవరు?

ఇగ దేవుని ముచ్చట. సర్కారు బడిల మతం బోధించొద్దని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తది. ఇంటికి ఆ కట్టడి లేదు. ఇంటోళ్ల నమ్మకమే పాఠమయితది. దేవుడు లేడన్న ఇంట్ల కూడా అంతే. నాస్తికుడు గోరా గారు ఉప్పు సత్యాగ్రహం యేడు పుట్టిన కొడుకుకు లవణం అని పేరు పెట్టిండు. ఆ లవణం గారు 1960ల కవి గుర్రం జాషువా గారి బిడ్డ హేమలతను చేసుకున్నరు, కులం అడ్డం రాలేదు. అయితే గోరా గారిది విజయవాడల నాస్తిక కేంద్రం, పదిమంది వచ్చిపోయే జాగ. తలుపేసుకున్న ఇల్లు కాదు. తేడా అక్కడున్నది.

మేనల్లునికి నేను చెప్పింది ఇది. "అరే, మీరిద్దరు కలిసింది కాలేజీల. ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి, ముప్పై దినాలు ఆగి, ముగ్గురు సాక్షులతోటి సంతకం పెట్టిండ్రు. మీ అమ్మా నాయినలు, వాళ్ల అమ్మా నాయినలు మిమ్ముల ఇంట్లనే కూసోబెట్టి చదివిస్తే ఒకలకొకలు కనపడేటోళ్లా? మీకు దొరికిన తొవ్వను మీ బిడ్డకు మూస్తరా?"

చర్చికి తీస్కపో, మల్లన్న కాడికి తీస్కపో. "అమ్మ ఇట్ల నమ్ముతది, నాయిన అట్ల నమ్ముతడు" అని ఉన్నదున్నట్టు చెప్పు. ఏది నమ్మాలో పెద్దయినంక ఆమె చూసుకుంటది. పెండ్లి సంగతి 18 నిండినంక, అదీ ఆమె ఇష్టం. మట్టి నేర్పుడంటవా, సాయంత్రాలున్నయి, ఆదివారాలున్నయి, నా చెలుక ఉన్నది. పగటీలి మాత్రం బడికి పంపు, మనోళ్లు కాని పిల్లల పక్కన కూసోనియ్.

వాడింకా ఏదీ తేల్చలేదు. మీ ఇండ్లల్ల కూడా ఇసొంటి పంచాయితీ నడుస్తుంటే రాయండి, వాడికి చూపెడత.