మేనమామల సిఫారసు, మేనల్లుడి గుడి

భద్రాచలం వెళ్ళేవాళ్ళు చాలామంది నేరుగా భద్రాచలమే వెళ్తారు. మీరు ఆ పని చెయ్యకండి. ముందు ఖమ్మంలో దిగి నేలకొండపల్లి బస్సెక్కండి. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఖజానా సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, జైలుకెళ్ళి, రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పుట్టిన ఊరది. ఆ ఇంటి సంగతులు తెలియకుండా గుడికి వెళ్తే, పెళ్ళివారెవరో తెలియకుండా పంక్తిలో కూర్చున్నట్టుంటుంది.

ఇంగ్లీషు నవలలు ఎక్కువ చదివిన దోషం నాకుంది. వాటిలో ఊరికి దూరంగా ఒక పాత భవంతి, అందులో తాళం వేసిన గది, మూడు తరాలుగా ఎవరూ పెదవి విప్పని రహస్యం ఉంటాయి. ఖజానా సొమ్ము, మంత్రుల బంధుత్వం, జైలు అన్నీ ఉన్న గోపన్న ఇల్లు కూడా అలాగే ఉంటుందని ఊహించుకుంటూ బస్సు దిగాను. మొదటి మలుపులోనే దారి తప్పాను. చేతిలో కెమెరా చూసినవాళ్ళంతా నన్ను బౌద్ధస్తూపం వైపు పంపుతున్నారు. ఇంకొకాయన విరాటరాజు దిబ్బ చూసి తీరాలన్నాడు. తిరిగి తిరిగి ఒక అరుగు దగ్గర ఆగి, "రామదాసు గారి ఇల్లెక్కడమ్మా?" అని అడిగాను.

అరుగు మీద పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఆయన తాలూకా?" అంది.

పదిహేడో శతాబ్దపు మనిషికి నేను చుట్టాన్నా అని అడుగుతోంది! కాదన్నాక దారి చూపించి, ఊరుకోకుండా, "మేనమామలు గోల్కొండలో మంత్రులు గదా, ఉజ్జోగం వాళ్ళే ఏయించారు" అని పొరుగింటి కుర్రాడి గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది. నిజమే. అక్కన్న, మాదన్నలు గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో చక్రం తిప్పినవాళ్ళు. వాళ్ళ చలవతోనే గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. అతని ఇల్లున్న చోట ఇప్పుడు ధ్యానమందిరం ఉంది. తాళం వేసిన గది ఎక్కడా లేదు.

మా తెనాలి ఇంట్లో ఇలా కాదు. మా తాతగారి అన్నగారొకరు కరణీకం లెక్కల్లో తేడా వచ్చి ఊరొదిలారు. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు. "ఆయన కాశీ వెళ్ళారు" అంటారు. నా చిన్నతనమంతా ఆయన కాశీలోనే ఉన్నారు.

మళ్ళీ ఖమ్మం వచ్చి భద్రాచలం బస్సెక్కాను. రైల్లో పోదామనుకునేవాళ్ళకో మాట: భద్రాచలం రోడ్ అనే స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి భద్రాచలం ఇంకో నలభై కిలోమీటర్లు. పాల్వంచ దాటాక అడవి దగ్గరవుతుంది. సారపాక కాగితం మిల్లు వెనక్కి పోగానే, వంతెన కింద గోదావరి. మా కాలవలు చూసి పెరిగిన కళ్ళకి అవతలి గట్టు వేరే దేశంలా కనిపించింది.

గుళ్ళో మీరు తప్పకుండా చూడాల్సింది రాముడి చేతులు. నాలుగు చేతులు, ఎడమ తొడ మీద సీతమ్మ. శంఖం కుడిచేతిలో, చక్రం ఎడమచేతిలో ఉంటాయి. మిగతా గుళ్ళలో చూసేదానికి ఇది తారుమారు. నేను నా కుడి ఎడమలు సరిచూసుకుని మరీ మళ్ళీ చూశాను.

ఆ తరువాత రామదాసు చేయించిన నగల దగ్గరికి వెళ్ళండి. సీతమ్మ చింతాకు పతకం, రాముడి కలికితురాయి పేర్లు మనకు పాటలోవే. జైల్లో పాడిన ఆ కీర్తన వింటే నాకెప్పుడూ ఆడిట్ రిపోర్టు గుర్తొస్తుంది. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎన్ని వేలు పట్టాయో తహసీల్దారు బుద్ధితో పద్దులు చదివాడు. అంతటితో ఆగకుండా, ఇదంతా నీ తండ్రి ఇచ్చాడా, మామగారు పంపాడా అని దేవుడి చుట్టాలను కూడా నిలదీశాడు. వాడుకలో ఉన్న లెక్క ఆరు లక్షల వరహాలు. మా కాశీ తాతగారు నోరు మూసుకుని వెళ్ళిపోయారు. ఈయన రాగం కట్టి పాడితే, మన పిల్లలు సంగీతం క్లాసులో నేర్చుకుంటున్నారు.

అయితే ఈ కథ కంచర్ల వారింట్లో మొదలవలేదు. భద్రిరెడ్డిపాలెంలో పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ పుట్టలో ఉన్న విగ్రహాలను చూసి, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని చెబుతారు. ఆ నైవేద్యానికి ఏ ఖజానా కదల్లేదు.

తాటిపళ్ళ కాలం కాదు కనుక నేను ఇప్పపువ్వు లడ్డుతో సరిపెట్టుకున్నాను. గిరిజన మహిళలు చేసి అమ్ముతారు. ఇప్పపువ్వంటే సారా అనుకునే మా వైపు వాళ్ళు తప్పక తినాలి. మొదటి ముక్కకు కొంచెం వగరనిపించింది, తర్వాత ఎండుద్రాక్ష తీపి. రెండోది మా సున్నుండను మరిపించింది. ఈ మాట మా అమ్మకు చెప్పకండి.

మెస్సులో నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన పప్పు కలుపుకుంటూ, గోపన్నకు పన్నెండేళ్ళు చెర ఎందుకు పడిందో చెప్పాడు. పూర్వజన్మలో ఒక రామచిలుకను పంజరంలో పెట్టాడట. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలై వచ్చి బాకీ కట్టి, తానీషా దగ్గర రసీదు రాయించుకున్నారనీ అన్నాడు. చరిత్ర పుస్తకం ఇంకో ముక్క కలుపుతుంది: 1687లో గోల్కొండ ఔరంగజేబు పాలయ్యాక, తానీషా కూడా దౌలతాబాదు కోటలో దాదాపు పన్నెండేళ్ళు బందీగానే ఉండి పోయాడు. నేనీ మాట అనగానే పెద్దాయన చెయ్యి ఆగింది. "అయితే ఆయన పెంచింది ఏ పిట్టో!" అన్నాడు.

అయినా తానీషా కాలం నాటిదని చెప్పే ఆనవాయితీ ఆగలేదు. శ్రీరామనవమికి ప్రభుత్వం ఇప్పటికీ ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. ఇక్కడి తలంబ్రాలు గులాలు కలిపి గులాబీ రంగులో ఉంటాయి. పసుపు తలంబ్రాలే ఎరిగిన నేను ఆ పొట్లం విప్పి, ఎవరో మార్చేశారనుకున్నాను. నవమికి వెళ్ళేట్టయితే గది ముందే చూసుకోండి.

చివరికి ఆటో మాట్లాడుకుని, జటాయువు పడిపోయాడని చెప్పే ఎటపాకకు బయల్దేరాను. ఊరు దాటామో లేదో ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాం. 2014లో ఈ చుట్టుపక్కల మండలాలు అటు కలిశాయి. గుడి తెలంగాణలో ఉంటే, పురుషోత్తపట్నంలోని దాని పొలాలు ఆంధ్రలో ఉన్నాయి. "రాముడి లెక్క ఇంకా తెగలే సార్" అన్నాడు డ్రైవరు. వెనక్కి తీసుకొచ్చి దింపాక, రెండు రాష్ట్రాలు తిప్పాను గదా అని ఇంకో యాభై అడిగాడు. ఇచ్చాను. రామోజీకి దొరికిన రసీదు నాకు దొరకలేదు.