యంత్రాన్నే అడుగుదాం

తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రాలను భద్రపరచడానికి ఒక పాత కంప్యూటరు కొన్నాను. దానికి 8 గిగాబైట్ల మెమరీ ఉన్నదని అమ్మినవాడు చెప్పగా నమ్మాను. “యంత్రాన్నే అడుగుదాం సార్” అంటూ నా శిష్యుడొకడు లినక్సులో చిన్న పైథాన్ ప్రోగ్రాము రాశాడు. అది ‘మెమ్‌ఇన్ఫో’, ‘సీపీయూఇన్ఫో’ అనే ఫైళ్లను చదివి సమాధానాన్ని తెరపై నిలిపింది. మెమరీ 4 గిగాబైట్లకు కూడా కొంచెం తక్కువే. కొంత భాగాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ తనకై అట్టిపెట్టుకొంటుందట. ప్రాసెసరు వేగం ఒకసారి 800 మెగాహెర్ట్జులు, మరొకసారి 2,400. పని లేనప్పుడు తగ్గి, పని పడగానే పెరుగుతుందట.

మరునాడే యంత్రాన్ని తిరిగి ఇచ్చివేశాను. ముద్రిత పాఠాన్ని నమ్మక మూలప్రతిని చూడమని 30 ఏండ్లుగా బోధించిన నేను, ఆనాడు ఆ మాట మరచాను. ఆ పాఠాన్ని నాకు అప్పజెప్పినవాడు నా శిష్యుడే.