చైనాదా, ఇటలీదా?

కూకట్‌పల్లి బంకులో నా ముందు ఒక బెనెల్లీ బైక్ ఆగింది. పక్కన యాక్టివా మీదున్న పెద్దాయన అడిగారు: "మైలేజ్ ఎంతిస్తుంది బాబూ? చైనా బండేనా?"
కుర్రాడి మొహం మాడిపోయింది. "ఇటలీదండీ!"

ఇద్దరూ కరెక్టే. 1911లో ఇటలీలో పుట్టిన కంపెనీ, 2005 నుంచి చైనా వాళ్ల చేతిలో ఉంది. నేను నోరు మెదపలేదు. పెట్రోల్ క్యూలో గొడవలెందుకు.

కానీ దారంతా అదే ఆలోచన. చైనా బండి చవగ్గా వస్తే కొనొచ్చా?

వియత్నాం వాళ్లు కొని చూశారు. 2000 ప్రాంతంలో హోండా డ్రీమ్‌ని అచ్చుగుద్దినట్టుండే చైనా బళ్లు దాదాపు మూడో వంతు ధరకే వచ్చిపడ్డాయి. జనం ఎగబడ్డారు. ఆ దెబ్బకి హోండా 2002లో చవగ్గా వేవ్ ఆల్ఫా దింపింది. అంటే చైనా బండి కొననివాడు కూడా లాభపడ్డాడన్నమాట!

కానీ ధర ఒక్కటే చూసుకుంటే చాలదు. ఉగాండాలో బోడా బోడాలు, అదే బైక్ టాక్సీలు, నడిపేవాళ్లలో చాలామంది మన బజాజ్ బాక్సర్‌కే ఓటేస్తారు. స్పేర్ పార్టులు ఏ సందులోనైనా దొరుకుతాయి, అమ్మితే డబ్బులొస్తాయి.

నాకు ఇంజిన్ మీద అనుమానం లేదు. బీఎండబ్ల్యూ వాళ్లే తమ స్కూటర్లలో కొన్నింటిని చైనాలో లోన్సిన్ అనే కంపెనీ చేత చేయించుకుంటున్నారు.
నా భయమంతా క్లచ్ కేబుల్ తెగిన రోజు గురించే. స్ప్లెండర్‌దైతే మా వీధి మెకానిక్ షాపులో వేలాడుతూనే ఉంటుంది. చైనా బండిదైతే?

అందుకే ఎంత చవకైనా నేను కొనను.

వాడుతున్నవాళ్లుంటే చెప్పండి, పార్టు కోసం ఎన్నాళ్లు ఆగారు? అమ్మేసినవాళ్లు ఎంతకి పోయిందో కూడా.